అమ్మోనియా తినేవాటికి బెల్లం పెడితే

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఎకరం చెరువులో లక్షన్నర వనామీ రొయ్య పిల్ల వేశాను. బోరు నీళ్లు, సెలినిటీ (నీటిలో ఉప్పదనం) 4 ఉంటుంది. యాభై రోజులు దాటింది, రోజుకి 50 కిలోల మేత పడుతోంది. అమ్మోనియా 1 పీపీఎం చూపిస్తోంది, నైట్రైట్ కూడా 1 దాటింది. షాపులో చెప్పినట్టు ప్రోబయోటిక్ పొడి, 5 కిలోల బెల్లం, కాస్త తవుడు, ఈస్టు డ్రమ్ములో రాత్రంతా నానబెట్టి రెండు రోజులకోసారి చల్లుతున్నాను. బెల్లం తిని బ్యాక్టీరియా పెరుగుతుంది, అది అమ్మోనియాని తినేస్తుంది అన్నారు. మూడు వారాలైనా అమ్మోనియా తగ్గలేదు, నైట్రైట్ మాత్రం కొత్తగా పెరిగింది. బెల్లం ఇంకా పెంచాలా? అసలు ఈ సూక్ష్మజీవులు ఏం తిని పెరుగుతాయి? ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి "అవీ మనలాగే తింటాయి నాన్నా" అంటోంది. ఇంకో సంగతి: ల్యాబ్‌లో విబ్రియో (రొయ్యకి జబ్బు తేగల బ్యాక్టీరియా) చూపిస్తే ఎల్లో కాలనీలే ఎక్కువ, గ్రీన్ తక్కువ, భయం లేదన్నారు. నిజమేనా?
— ఒక రొయ్యల రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

బెల్లం పెంచకండి. ఈ ఉత్తరం చదివిన పూటే మేత నాలుగో వంతు తగ్గించండి, ఏరేటర్లు ఆపకుండా తిప్పండి, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, ముఖ్యంగా బైకార్బొనేట్) కొలిపించండి. అన్ని లెక్కలూ రాసిన మీరు అదొక్కటీ రాయలేదు. మీ నైట్రైట్ కథ సగం అక్కడే ఉందని నా అనుమానం. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మీ అమ్మాయి చెప్పింది సగం నిజం. కొన్ని మనలాగే తింటాయి. అన్నం, చక్కెర, మాంసకృత్తులు, ఏదో ఒక సేంద్రియ పదార్థం వాటికి కావాలి. అందులోంచే ఒంటికి కావాల్సిన కర్బనం తీసుకుంటాయి, అందులోంచే శక్తీ తీసుకుంటాయి. మీ ప్రోబయోటిక్ ప్యాకెట్‌లో ఉండే బాసిల్లస్ ఈ జాతిదే. ఇంకొన్ని ఎండ తాగి బతుకుతాయి, చెరువు నీటికి ఆ ఆకుపచ్చ రంగు తెచ్చే నాచు, నీలి ఆకుపచ్చ నాచు అలాంటివి. మూడో రకం ఒకటుంది. అవి చక్కెర ముట్టవు, ఎండ అక్కర్లేదు. అమ్మోనియానో, నైట్రైట్‌నో, గంధకాన్నో ఆక్సిజన్‌తో కలిపి, ఆ మంటలోంచి వచ్చే కొద్ది శక్తితో బతుకుతాయి. ఒంటికి కావాల్సిన కర్బనాన్ని నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ నుంచి తీసుకుంటాయి. మీ చెరువులో అమ్మోనియాని నైట్రైట్‌గా మార్చేవీ, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేవీ ఈ మూడో రకమే. వాటిని పెంచడానికి బెల్లం చల్లడమంటే ఆవు ముందు చేపలు పెట్టడమే.

ఈ సంగతి కనిపెట్టడానికి శాస్త్రవేత్తలకే చాలాకాలం పట్టింది. నేలలో అమ్మోనియా నైట్రేట్‌గా మారుతోందని, ఆ పని చేసేది సూక్ష్మజీవులేనని తెలుసు, కానీ వాటిని విడదీసి పెంచుదామంటే ఎవరివల్లా కాలేదు. అప్పట్లో అందరూ జెలటిన్ మీద పెంచేవారు. జెలటిన్ సేంద్రియ పదార్థం కదా, దాన్ని ఇష్టంగా తినే వేరే బ్యాక్టీరియా పొంగిపోయేది, కావాల్సింది కనపడేది కాదు. కీవ్‌లో పుట్టిన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890లో జూరిచ్‌లో ఉండగా సేంద్రియం అనేదే లేకుండా, ఉత్త లవణాలూ అమ్మోనియా మాత్రమే ఇచ్చి వాటిని పెంచాడు. తిండి పెట్టకపోతేనే అవి బయటపడ్డాయి. అంతకుముందు గంధకం తిని బతికే బెగియటోవా అనే బ్యాక్టీరియాని చూసి, ఇలా బతకడం సాధ్యమేనని అతనే చెప్పాడు. ఆ జెలటిన్ పళ్లెంలో జరిగిందే ఇప్పుడు మీ చెరువులో బెల్లం వల్ల కొద్ది మేర జరుగుతోంది.

మరి షాపులో చెప్పింది పూర్తిగా అబద్ధమా? కాదు. బెల్లం తినే బ్యాక్టీరియా అమ్మోనియాని నిజంగానే లాక్కుంటుంది. అయితే ఆకలికి కాదు, ఒళ్లు కట్టుకోడానికి. దాని ఒంట్లో ప్రతి నాలుగైదు పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండాలి. బెల్లంలో కర్బనం తప్ప నత్రజని దాదాపు లేదు. కాబట్టి బెల్లం తిన్న బ్యాక్టీరియా కొత్త కణం కట్టాలంటే నీళ్లలోని అమ్మోనియా మీద పడాల్సిందే. సూత్రం సరైనదే, తప్పింది తూకం.

లెక్క చూద్దాం. ఎకరం చెరువు, ఐదడుగుల నీరు అనుకుంటే సుమారు 60 లక్షల లీటర్లు. అందులో 1 పీపీఎం అమ్మోనియా నత్రజని అంటే 6 కిలోలు. ఒక కిలో నత్రజనిని బ్యాక్టీరియా ఒంట్లోకి ఎక్కించాలంటే 15 నుంచి 20 కిలోల చక్కెర కావాలి. ఎందుకంటే తిన్న చక్కెరలో సగానికి పైగా శక్తి కోసం కాలిపోతుంది, మిగిలిందే కణమవుతుంది. అంటే మీ 6 కిలోలకి 90 నుంచి 120 కిలోల బెల్లం. మీరు చల్లుతున్నది రెండు రోజులకి 5 కిలోలు. దానితో పట్టుబడేది ఎక్కువలో ఎక్కువ ఓ మూడొందల గ్రాముల నత్రజని.

ఇప్పుడు వచ్చే పద్దు చూడండి. 50 కిలోల మేతలో 35 శాతం ప్రోటీన్ అయితే పదిహేడున్నర కిలోలు. ప్రోటీన్‌లో ఆరో వంతు నత్రజని, అంటే 2.8 కిలోలు. రొయ్య ఒంటికి పట్టేది అందులో పావు, కాస్త అటూ ఇటూ. మిగతా రెండు కిలోలు మూత్రంగా, రెట్టగా, తినని మేతగా రోజూ చెరువులో పడుతున్నాయి. రెండు రోజుల్లో నాలుగు కిలోలు దిగుతుంటే మూడొందల గ్రాములు తీసి ఏం ప్రయోజనం? ఇన్నాళ్లూ మీ చెరువుని నిలబెట్టింది బెల్లం కాదండి, నీటిలోని నాచూ, అడుగున నోరెత్తకుండా పనిచేసుకుంటున్న ఆ మూడో రకమూను.

అలాగని 100 కిలోల బెల్లం ఒకేసారి పోయమని నా మాట కాదు. పోస్తే పొద్దుటికి రొయ్యలు గట్టు పక్కకొచ్చి తేలతాయి. ప్రతి కిలో చక్కెరని తినే క్రమంలో బ్యాక్టీరియా ఓ మూడొందల గ్రాముల ఆక్సిజన్ వెంటనే తాగేస్తుంది, అది చచ్చి కుళ్లేటప్పుడు ఇంకొంత. వంద కిలోలంటే 30 కిలోల ఆక్సిజన్. మీ చెరువంతటిలో డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలత) 5 ఉన్నప్పుడు కరిగి ఉండే ఆక్సిజన్ మొత్తం ఎంతో తెలుసా? అదే 30 కిలోలు. పైగా ప్రతి కిలో నత్రజనికి 8 కిలోల బ్యాక్టీరియా మడ్డి పుడుతుంది. అది నీళ్లలో తేలుతూ ఉండాలి, అడుగుకి దిగితే కుళ్లి మళ్లీ అమ్మోనియానే. బ్యాక్టీరియా ముద్దలని నీళ్లలో తేలుతూ ఉంచే బయోఫ్లాక్ పద్ధతిలో చేసేవాళ్లు ఈ పని చేయగలిగేది అందుకే: లైనింగ్ వేసిన చెరువు, రాత్రింబవళ్లు తిరిగే ఏరేటర్లు, కరెంటు పోతే ఆ నిమిషమే అందుకునే జనరేటరు. మట్టి చెరువులో నాలుగు ఏరేటర్లతో ఆ ఆట ఆడకూడదు.

ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. బాసిల్లస్ అమ్మోనియాని పుట్టిస్తుంది కూడా. దానికి నోరు లేదు. మేత పలుకు మీద వాలి, ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైములు బయటికి వదులుతుంది. కరిగి వచ్చిన అమైనో ఆమ్లాలని, చక్కెరలని గోడలోంచి లోపలికి లాక్కుంటుంది. అందుకే అడుగు శుభ్రపడుతుందనేది నిజం. కానీ రొయ్య మేతలో నత్రజని దండిగా ఉంటుంది, కర్బనంతో పోలిస్తే దానికి కావాల్సినదానికంటే ఎక్కువ. కావాల్సింది ఉంచుకుని మిగిలిన నత్రజనిని అమ్మోనియాగా బయటికి పారేస్తుంది. అంటే మేత ఎక్కువేస్తూ, మిగిలిన మేత తినడానికి ప్రోబయోటిక్ వేస్తే, బురద తగ్గుతుందేమో గానీ అమ్మోనియా తగ్గదు. చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) మేత మిగులుతుంటే అక్కడే మీ మందు ఉంది. మేత తగ్గించమని మొదటే అన్నది ఇందుకే.

ఇక నైట్రైట్ దగ్గరికి వద్దాం, మీ చెరువుకి అసలు భయం అదే.

అమ్మోనియా నైట్రేట్ కావడం రెండు మెట్లలో జరుగుతుంది. నైట్రోసోమోనాస్ లాంటివి అమ్మోనియాని నైట్రైట్ చేస్తాయి. నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి. (రెండు పనులూ ఒక్కటే చేసుకునే నైట్రోస్పైరా కూడా ఉందని 2015లో తేలింది. అంతకుముందు నూరేళ్లపాటు అలాంటిది లేదనే అనుకున్నారు.) రెండో మెట్టు మీద ఉన్నవాటి సంపాదన మరీ తక్కువ. ఒక అమ్మోనియా అణువు నుంచి దొరికే శక్తిలో, ఒక నైట్రైట్ అణువు నుంచి దొరికేది నాలుగో వంతుకి కాస్త ఎక్కువ. ఆ కొద్ది రాబడితోనే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి చక్కెర తయారుచేసుకోవాలి, అందులోంచే ఒళ్లు కట్టుకోవాలి. అందుకే ఈ రెండు మెట్ల రకాలూ కలిపి ఒక కిలో నత్రజని మీద పనిచేసినా పుట్టే కొత్త కణాలు రెండొందల గ్రాములే. బెల్లం తినే రకానికి ఎనిమిది కిలోలని పైన చెప్పాను కదా, పక్కపక్కన పెట్టి చూసుకోండి. మంచి తిండి దొరికితే బాసిల్లస్ అరగంటకో రెట్టింపవుతుంది. ఇవి ప్రయోగశాలలో ఎంత ముద్దుగా చూసుకున్నా ఎనిమిది గంటల లోపు రెట్టింపు కావు, చెరువులో అయితే ఒక రోజు, అంతకంటే ఎక్కువ.

అందుకని కొత్తగా నీరు పెట్టిన చెరువులో మొదట అమ్మోనియా పెరుగుతుంది, దాన్ని తినేవి కుదురుకుంటాయి, అప్పుడు నైట్రైట్ పెరుగుతుంది. దాన్ని తినేవి వాటికంటే వెనక వస్తాయి. మీది ఇప్పుడు ఆ మధ్య సందులో ఉంది. మొదటి మెట్టు పని మొదలైంది, రెండో మెట్టు ఇంకా చాలలేదు. ఒక రకంగా మంచి సూచనే, కానీ ఆ సందులో రొయ్యకి ప్రమాదం. నైట్రైట్ మొప్పల్లోంచి లోపలికి పోతుంది, క్లోరైడ్ పోయే దారిలోనే పోతుంది. నీళ్లలో క్లోరైడ్ ఎక్కువుంటే ఆ దారి నిండిపోయి నైట్రైట్‌కి చోటు దొరకదు. సముద్రమంత ఉప్పున్న నీళ్లలో వనామీ తట్టుకునే నైట్రైట్‌లో, సెలినిటీ 15 ఉన్న నీళ్లలో నాలుగో వంతే తట్టుకుంటుంది. మీది 4. కాబట్టి ఉప్పుటేరు పక్కన చెరువు చేసే మీ బంధువులు "మాకు నైట్రైట్ 3 ఉన్నా ఏం కాలేదు" అంటే, అది వాళ్ల నీటి మాట, మీ నీటికి వర్తించదు. రాతి ఉప్పు వేయడం మీ వైపు అలవాటే. ఈ పది పదిహేను రోజులకి అది దండగ ఖర్చు కాదు.

ఈ మూడో రకానికి ఏం పెట్టాలి మరి? అమ్మోనియా, నైట్రైట్ వాటికి కావాల్సినంత ఉన్నాయి. లోటు పడేవి రెండు: ఆక్సిజన్, ఆల్కలినిటీ. ఒక కిలో నత్రజనిని నైట్రేట్ దాకా తీసుకెళ్లడానికి నాలుగు కిలోల పైచిలుకు ఆక్సిజన్ తాగుతాయి, ఏడు కిలోల ఆల్కలినిటీని కరిగిస్తాయి. కర్బనం వాటికి దొరికేది ఆ బైకార్బొనేట్ నుంచే, పైగా పని జరుగుతున్నకొద్దీ పుట్టే ఆమ్లాన్ని తట్టుకోవడానికీ అదే కావాలి. మీ 6 కిలోల అమ్మోనియాకి 42 కిలోలు. దాన్ని సోడా బైకార్బ్‌తో పూడ్చాలంటే 70 కిలోలు. ఆల్కలినిటీ 100 కిందికి పోయిందంటే నైట్రిఫికేషన్ (అమ్మోనియా నైట్రేట్ కావడం) నీరసిస్తుంది. 120 దాటి ఉంచండి. డోలమైట్ గానీ, సోడా బైకార్బ్ గానీ సాయంత్రం పూట విడతలు విడతలుగా చల్లండి. కాల్చిన సున్నం, గుల్ల సున్నం మాత్రం ఈ టైములో వద్దు. అవి పీహెచ్‌ని ఎగదోస్తాయి. మీ కిట్టు చూపించే అమ్మోనియా రెండు రూపాలు కలిపిన లెక్క. అందులో రొయ్యని చంపే రూపం పీహెచ్ 7.5 దగ్గర నూటికి రెండు పాళ్లు, 8.5 దగ్గర పద్దెనిమిది, 9 దగ్గర నలభై. అదే 1 పీపీఎం ఉదయం ఆరింటికి ఏమీ చేయదు, మధ్యాహ్నం మూడింటికి నాచు పీహెచ్‌ని తొమ్మిదికి లాగినప్పుడు రొయ్యని కూలదోస్తుంది. కాబట్టి పీహెచ్ రోజుకి రెండు సార్లు చూడాలి.

ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ తిరగదు. దేన్నో పట్టుకుని పొరలాగా కూర్చుంటుంది: గట్టు మట్టి, చెక్ ట్రే వల, ఏరేటరు కాళ్లు, అడుగున పైపొర. ఎండ తగిలితే దానికి పడదు. మీరు శానిటైజరు కొట్టినప్పుడల్లా ఇవీ పోతాయి. బాసిల్లస్ అయితే ప్యాకెట్ మళ్లీ వేస్తే రెండు రోజుల్లో కోలుకుంటుంది, ఇవి వారాలు తీసుకుంటాయి. బీకేసీ అనే శానిటైజరు కొట్టి, మూడో రోజు ప్రోబయోటిక్ చల్లి, "బ్యాలెన్స్ చేశాం" అనుకునే అలవాటు మన డెల్టాలో బాగా పాతుకుపోయింది. జబ్బు లేకుండా కొట్టే శానిటైజరు నా దృష్టిలో డబ్బిచ్చి నైట్రైట్ కొనుక్కోవడమే.

షాపులో "నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ ఉన్న పొడి" అని అమ్మజూపితే ఒక్క ప్రశ్న అడగండి: ఎండిన పొడిలో అవి ఎలా బతికున్నాయి? బాసిల్లస్‌కి స్పోరు అనే కవచం ఉంది, ఏళ్ల తరబడి పొడిలో నిద్రపోగలదు. ఈ రెండింటికీ స్పోరు లేదు. ద్రవంగా, చల్లగా ఉంచి, కొత్తగా తయారైనది దొరికితే కొంత నమ్మొచ్చు. అంతకంటే బాగా నడుస్తున్న పాత చెరువు నుంచి ఓ పది బకెట్ల నీరూ మట్టీ తేవడం మేలనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను, వాటితోపాటు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు కూడా రావచ్చు.

మీ డ్రమ్ము సంగతి. బెల్లం, తవుడు, ఈస్టు, ప్రోబయోటిక్ వేసి మూత పెట్టి రాత్రంతా ఉంచుతున్నారు కదా. రేపు పొద్దున మూత తీసినప్పుడు వాసన చూడండి. కల్లు వాసనొస్తే డ్రమ్ము ఈస్టుది, పుల్లమజ్జిగ వాసనొస్తే లాక్టిక్ బ్యాక్టీరియాది. బాసిల్లస్ ఎక్కడో అడుగున కవచంలోనే నిద్రపోతూ ఉంటుంది. గాలి లేని డ్రమ్ములో చక్కెర దొరికితే నెగ్గేది పులియబెట్టేవే. ఆక్సిజన్ ఉంటే ఒక చక్కెర అణువు నుంచి ముప్పై దాకా ఏటీపీలు (కణం శక్తిని దాచుకుని ఖర్చుపెట్టే నాణేలు) పిండుకోవచ్చు. పులియబెడితే రెండే. ఆ రెండుతోనే గడపాలి కాబట్టి పులియబెట్టేవి చక్కెరని గబగబా లాగించేసి, మిగిలిన ఆల్కహాలునో, ఆమ్లాన్నో బయటికి పారేసి, మిగతావాటికి ఆ చోటుని నివాసయోగ్యం కాకుండా చేస్తాయి. బాసిల్లస్ స్పోరు మేలుకోడానికి బెల్లం ఒక్కటే చాలదు, ఎలనైన్ లాంటి అమైనో ఆమ్లాలు తగలాలి. కాబట్టి ఈస్టు మానేయండి. బెల్లం తగ్గించి, సోయా పిండో జల్లించిన తవుడో కలపండి. ఉడికించి చల్లార్చి వేస్తే ఇంకా మంచిది, తవుడులో ఉండే పరాయి బ్యాక్టీరియా తగ్గుతుంది. అక్వేరియం గాలి పంపు ఒకటి వేసి రాత్రంతా బుడగలు రానివ్వండి. పొద్దున పులుపు, కల్లు వాసన లేకుండా, నానబెట్టిన చిక్కుడు గింజల్లాంటి వాసన, పైన సన్నటి నురగ ఉంటే అది పనికొచ్చే సరుకు. తొమ్మిది పది గంటలకి, ఎండ ఎక్కి డీవో పెరుగుతున్నప్పుడు చల్లాలి. సాయంత్రం మాత్రం వద్దు.

అడుగు మట్టి గురించి మీరు అడగలేదు కానీ చెప్పకపోతే సగమే చెప్పినట్టు. రెండంగుళాల పీవీసీ పైపు ముక్క తీసుకుని, చెరువు మధ్యలో బురదలోకి నిలువుగా గుచ్చి, పై మూతి అరచేత్తో మూసి పైకి లాగండి. మెల్లగా ఒక పలక మీదకి తోసి చూడండి. పైన కొద్ది మిల్లీమీటర్లు గోధుమ రంగు, దాని కింద నలుపు కనిపిస్తే ఫర్వాలేదు. ఆ గోధుమ పొరలోనే ఆక్సిజన్ ఉంది, మీ నైట్రిఫయర్లు, అంటే ఆ మూడో రకం, ఉన్నాయి. పైనుంచే నల్లగా ఉండి, కుళ్లిన గుడ్డు వాసన కొడితే ఆ పొర చచ్చిపోయిందన్నమాట.

ఎందుకిలా అంటే, తిండి ఒక్కటే చాలదు, తిన్నదాన్ని కాల్చడానికి ఏదో ఒకటి పీల్చాలి. ఆక్సిజన్ ఉన్నంతవరకు దాన్నే పీలుస్తాయి, లాభం అందులోనే ఎక్కువ. అది అయిపోతే నైట్రేట్‌ని పీల్చేవి రంగంలోకొస్తాయి. అవి నైట్రేట్‌ని నత్రజని వాయువు చేసి గాల్లోకి పంపేస్తాయి. నీళ్లు మార్చడం, పట్టుబడి కాకుండా మీ చెరువు నుంచి నత్రజని శాశ్వతంగా బయటికి పోయే ఒక ముఖ్యమైన దారి అది. నైట్రేట్ కూడా అయిపోతే మాంగనీసు, ఇనుము. అవీ అయిపోతే సల్ఫేట్‌ని పీల్చేవి. అవి వదిలేది హైడ్రోజన్ సల్ఫైడ్, ఆ గుడ్డు వాసన. అది ఇనుముతో కలిసి నల్ల మట్టి అవుతుంది. (ఆ నల్ల ముద్దని గట్టు మీద పెట్టి కొన్ని గంటలాగి చూడండి, గాలి తగిలి గోధుమ రంగుకి తిరుగుతుంది.) సముద్రపు నీళ్లలో సల్ఫేట్ లీటరుకి 2,700 మిల్లీగ్రాములు ఉంటుంది, అందుకే ఉప్పునీటి చెరువుల్లో ఈ బెడద ఎక్కువ. మంచినీటి చేపల చెరువుల్లో సల్ఫేట్ తక్కువ కాబట్టి పని మీథేన్ దాకా పోతుంది, కర్ర గుచ్చితే బుడబుడమని బుడగలొచ్చేది అదే. మీది మధ్యరకం. రొయ్య అడుగున తిరిగే ప్రాణి, ఆ సల్ఫైడు దానికే ముందు తగులుతుంది. ఏరేటర్లు బురదని ఎక్కడికి పోగేస్తున్నాయో చూసుకుని, అక్కడ మేత పడకుండా చల్లండి. ఈ దశలో గొలుసు లాగి అడుగు కలిపితే ఆ సల్ఫైడంతా ఒక్కసారిగా నీళ్లలోకి వస్తుంది. చేస్తే మొదటి నెలలో చేయాలి, ఇప్పుడు కాదు.

ఎర్ర ద్రవం ఒకటి అమ్ముతారు, ఎండతో బతికే ఊదా బ్యాక్టీరియా. ఇవి గాలి లేని చోట, వెలుతురు ఉన్న చోట సేంద్రియ ఆమ్లాలు తిని, కొన్ని సల్ఫైడు కూడా వాడుకుని పెరుగుతాయి. సీసాలో అద్భుతంగా పెరుగుతాయి. కానీ ఐదడుగుల లోతున, ఆకుపచ్చ నీళ్ల కింద, గాలి లేని చోట వెలుతురు ఎక్కడుంది? వేస్తే నష్టం లేదు, ఆశ పెట్టుకోవద్దు.

మీ అమ్మాయికి ఒక పని. గాజు సీసాలో మూడో వంతు ఆ నల్ల మట్టి వేసి, చించిన న్యూస్‌పేపరు ముక్కలు, ఉడికించిన గుడ్డు పచ్చసొన కొంచెం కలిపి, పైన చెరువు నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టి కిటికీలో ఉంచమనండి. కొన్ని వారాలకి మట్టిలో కింద ఆకుపచ్చ, దాని పైన ఊదా, ఆ పైన తుప్పు రంగు చారలు తేలతాయి. గంధకాన్నీ ఎండనీ కలిపి తినేవి ఎక్కడ, గాలి కావాల్సినవి ఎక్కడ అన్నది గీత గీసినట్టు కనపడుతుంది. ఇది కూడా ఆ వినోగ్రాడ్‌స్కీ చేసిచూపించిందే, ఆయన పేరుతోనే పిలుస్తారు. బైపీసీ ప్రాక్టికల్స్‌లో ఇది ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

చివరగా ఎల్లో, గ్రీన్ కాలనీలు. ల్యాబ్ వాళ్లు వాడే టీసీబీఎస్ పళ్లెంలో సుక్రోజు, అంటే మన చక్కెరే ఉంటుంది. దాన్ని తినగలిగే విబ్రియో ఆమ్లం వదిలితే పళ్లెంలోని రంగు పసుపుకి తిరుగుతుంది. సుక్రోజు తినలేనిది ఆకుపచ్చగానే ఉంటుంది. రంగు చెప్పేది అదొక్కటే. రొయ్య హెపటోపాంక్రియాస్‌ని (కాలేయంలాంటి జీర్ణగ్రంథిని) పాడుచేసే పారాహీమోలిటికస్ చాలావరకు గ్రీన్‌గా వస్తుంది కాబట్టి గ్రీన్ చూసి భయపడటం సబబే. కానీ ఆల్జినోలిటికస్ ఎల్లోనే, అది కూడా నీరసించిన రొయ్యని వదలదు. పైగా మీరు బెల్లం వేస్తున్నారు, బెల్లమంటే సుక్రోజే. సుక్రోజు తినే విబ్రియో పెరిగి ఎల్లో లెక్క ఎక్కువ కనపడటంలో వింతేముంది? అది చెరువు బాగుపడిన గుర్తు కాదు, మీరు పెట్టిన తిండికి అచ్చు. ఈసారి ల్యాబ్‌కి వెళ్లినప్పుడు ఎల్లో, గ్రీన్ శాతాలు కాకుండా మొత్తం విబ్రియో లెక్క, మొత్తం బ్యాక్టీరియా లెక్క రెండూ రాయించుకోండి. నీటిది వేరుగా, రొయ్య హెపటోపాంక్రియాస్‌ది వేరుగా తీయమనండి. వారం తేడాతో రెండు రిపోర్టులు, ఆల్కలినిటీ, పొద్దుటి డీవో, ఉదయం సాయంత్రం పీహెచ్ రాసి పంపితే, మేత మళ్లీ ఎప్పుడు పెంచాలో అప్పుడు చెప్తాను. ఈలోగా నైట్రైట్ 2 దాటినా, చెక్ ట్రేలో మెత్తటి పెంకు రొయ్యలు కనపడినా నా జవాబు కోసం ఆగకండి. ఆ రోజుకి మేత పూర్తిగా ఆపి, ఉప్పు వేసి, రిజర్వాయర్‌లో నిలవ ఉంచిన నీళ్లుంటే పదోవంతు మార్చండి.